బార్‌కోడ్ స్కాన్ చేసి తిండి లెక్క రాసుకోవడం ఎలా

అంగడి నుంచి తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్టు మీది నల్లగీతలను ఫోన్‌కు చూపిస్తే చాలు, రెండు సెకన్లలో పేరు, క్యాలరీలు, ప్రోటీన్, కొవ్వు అన్నీ యాప్‌లో వచ్చేస్తాయి. చాలామంది అక్కడే 'సేవ్' నొక్కి ఫోన్ పక్కన పెట్టేస్తారు. షుగరు కోసమో, బీపీ కోసమో, బరువు తగ్గడానికో నెల రోజులు ఓపిగ్గా రాసి, చివరికి లెక్కకూ ఒంటికీ పొంతన లేక మానేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఆ తొందర దగ్గరే. స్కాన్ అయ్యాక ప్యాకెట్టు వెనక్కి తిప్పి అర నిమిషం సరిచూసుకోవాలి. ఏం చూడాలో, ఎందుకు చూడాలో కింద రాశాం. ఉదాహరణలన్నీ కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో రోజూ తినేవే.

గీతల్లో ఉండేది నంబరే

బార్‌కోడ్‌లో క్యాలరీలు ఉండవు, ధర కూడా ఉండదు. ఉండేది 13 అంకెల నంబరు ఒక్కటే. మరీ చిన్న ప్యాకెట్లయితే 8 అంకెలు. యాప్ ఆ నంబరు పట్టుకుని తన డేటాబేస్‌లో వెతుకుతుంది. అక్కడున్న వివరాలు కొన్ని కంపెనీలు ఇచ్చినవి, చాలావరకు ఎవరో ఒక వాడుకరి ప్యాకెట్టు చూసి టైపు చేసినవి. ఆ మనిషి తప్పు కొట్టి ఉంటే ఆ తప్పే మీ లెక్కలోకి వస్తుంది.

890తో మొదలయ్యే నంబరంటే ఆ కంపెనీ మన దేశంలో బార్‌కోడ్ నంబర్లిచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర నంబరు తీసుకుందని అర్థం. సరుకు ఇక్కడే తయారైందని దాని అర్థం కాదు. 2తో మొదలయ్యే నంబర్లు వేరే రకం. సూపర్‌మార్కెట్లో కందిపప్పో, జీడిపప్పో తూకం వేసి అతికించే స్టిక్కరు మీద ఉండేవి అవే. అవి ఆ కొట్టు సొంత లెక్క కోసం పెట్టుకున్నవి కాబట్టి ఏ యాప్‌లోనూ సరిగా దొరకవు. ఒక్కోసారి ఎక్కడో వేరే కొట్టు సరుకు పేరు చూపిస్తుంది కూడా. 2 కనబడితే స్కాన్ మానేసి పేరుతో వెతకండి. ప్యాకెట్టు మీద ఉండే చదరపు క్యూఆర్ కోడ్ కూడా ఇది కాదు. అది సాధారణంగా కంపెనీ వెబ్‌సైటుకో, బహుమతి పథకానికో తీసుకెళ్తుంది.

చివరి అంకె మిగతా 12 అంకెలకు కాపలా. నమూనాగా 8901234567890 తీసుకోండి. ఒకటో, మూడో, ఐదో స్థానం, ఇలా బేసి స్థానాల్లోవి కలిపితే 8+0+2+4+6+8 = 28. సరి స్థానాల్లోవి 9+1+3+5+7+9 = 34, దాన్ని 3తో గుణిస్తే 102. రెండూ కలిపి 130. ఇది ఎలాగూ 10తో భాగించబడుతుంది కాబట్టి చివరి అంకె 0. మొత్తం 127 వచ్చి ఉంటే, 130కి చేరడానికి కావలసిన 3 చివరి అంకె అయ్యేది. ఇది తెలిస్తే పనికొస్తుంది. నంబరు చేత్తో కొట్టినప్పుడు యాప్ 'చెల్లదు' అంటే ఎక్కడో అంకె తప్పు కొట్టారు, మళ్లీ చూసుకోండి. 'దొరకలేదు' అంటే నంబరు సరైనదే, డేటాబేస్‌లో ఆ సరుకు లేదు. మొదటిదానికి మళ్లీ కొట్టాలి, రెండోదానికి కొత్తగా నమోదు చేయాలి.

స్కాన్ పడనప్పుడు

ఫోన్‌ను ప్యాకెట్టుకు ఆనించేయడం అందరూ చేసే పొరపాటు. చాలా ఫోన్లు మరీ దగ్గరి వస్తువు మీద ఫోకస్ పట్టుకోలేవు. ఒక జానెడు దూరంలో పెట్టి, గీతలు చిన్నగా కనబడితే రెండు రెట్లు జూమ్ చేయండి. గీతలకు రెండు పక్కలా కాస్త ఖాళీ జాగా ఉంటుంది. కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో యాప్‌కు తెలిసేది దానివల్లే. అక్కడ బొటనవేలు అడ్డం పెట్టకండి.

మెరిసే కవర్ల మీద వెలుతురు తిరగబడి గీతల్లో ఒక భాగం తెల్లగా పోతుంది. అలాంటప్పుడు ఫ్లాష్ వేస్తే ఇంకా పోతుంది. ఎర్రటి ఎండలో కాకుండా వసారా నీడలో, ప్యాకెట్టును కొంచెం వాల్చి పట్టుకోండి. చిప్స్ ప్యాకెట్టు గాలితో ఉబ్బి ఉంటే గీతలు వంకరపోతాయి కాబట్టి విప్పి, గాలి తీసి, బల్ల మీద చదునుగా పరిచి స్కాన్ చేయాలి. పాల ప్యాకెట్టు ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమ్మ పడుతుంది, గుడ్డతో తుడవండి. సన్న సీసాలకు గీతలు వంపులో దాక్కుంటే సీసాను మెల్లగా తిప్పుతూ గీతలన్నీ కెమెరాకు ఎదురుగా వచ్చే చోట ఆపండి. వంటింట్లో వాడే ఫోన్‌కు కెమెరా అద్దం మీద నూనె మరక ఉండడం మామూలే, ముందు దాన్ని తుడవండి. ఇవన్నీ చేసినా పడకపోతే గీతల కింది అంకెలు చేత్తో కొట్టేయడమే త్వరగా తేలే దారి.

గీతలు చదవడం ఫోన్‌లోనే జరుగుతుంది గానీ వివరాలు తేవడానికి నెట్ కావాలి. సిగ్నల్ లేని ఊళ్లో ఉంటే బార్‌కోడ్‌కు ఒక ఫోటో, వెనక పట్టికకు ఒక ఫోటో తీసి పెట్టుకుని రాత్రి ఇంటికొచ్చి నమోదు చేసుకోండి. ప్యాకెట్టు పారేశాక ఆ పట్టిక మళ్లీ దొరకదు.

ఏ యాప్ అనేది మీ ఇష్టం. మైఫిట్‌నెస్‌పాల్ 2022లో ఉచిత ఖాతాలకు బార్‌కోడ్ స్కాన్ తీసేసి, డబ్బు కట్టేవాళ్లకే ఉంచింది. 2012లో ఫ్రాన్స్‌లో మొదలైన ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ లాభాపేక్ష లేనిది. అందులోని సమాచారం ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా చేర్చొచ్చు. యాప్ ఎంచుకునే ముందు మీ ఇంట్లో ఉన్న ఓ పది ప్యాకెట్లు స్కాన్ చేసి చూడండి. ఎన్ని దొరికాయి, దొరికినవాటిలో ఎన్ని సరిపోయాయి అన్నదే అసలు పరీక్ష.

వెనక పట్టికతో సరిచూడటం

మన దేశంలో లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలన్నది నియమం. తెలుగు ఉంటే అదనం. అందుకే పట్టికలోని మాటలు కొన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఎనర్జీ (కిలోక్యాలరీలు), ప్రోటీన్, కార్బోహైడ్రేట్, టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్, టోటల్ ఫ్యాట్, శాచురేటెడ్ ఫ్యాట్, ట్రాన్స్ ఫ్యాట్, కొలెస్ట్రాల్, సోడియం. ఒక నిలువు వరుసలో 100 గ్రాములకు లేదా 100 మిల్లీలీటర్లకు ఎంతో ఉంటుంది. పక్క వరుసలో ఒక సర్వింగుకు (ఒకసారి తినేదిగా కంపెనీ రాసిన కొలతకు) రోజు అవసరంలో ఎంత శాతమో ఉంటుంది.

ఒక బిస్కెట్ ప్యాకెట్టు వెనక ఇలా ఉందనుకోండి. 100 గ్రాములకు 480 కిలోక్యాలరీలు, ప్రోటీన్ 7 గ్రాములు, కార్బోహైడ్రేట్ 70, కొవ్వు 19, యాడెడ్ షుగర్స్ 24, సోడియం 400 మిల్లీగ్రాములు. సర్వింగు 25 గ్రాములు. ప్యాకెట్టు 75 గ్రాములు. స్కాన్ చేశాక యాప్‌లో ముందుగా 100 గ్రాముల అంకె చూడండి.

అక్కడ 120 అని ఉంటే, నమోదు చేసినవాళ్లు 25 గ్రాముల సర్వింగు అంకెను 100 గ్రాములదిగా రాసేశారు. మీరు తిన్నది పావు వంతుగా లెక్కలో పడుతుంది. డేటాబేసుల్లో మాటిమాటికీ తగిలే తప్పు ఇదే. అక్కడ 2008 అని ఉంటే కిలోజౌళ్లను క్యాలరీల గడిలో కొట్టేశారు. ఒక కిలోక్యాలరీ 4.184 కిలోజౌళ్లు, 480ని దానితో గుణిస్తే వచ్చేది 2008.

ప్యాకెట్టు చేతిలో లేకపోయినా అంకె నమ్మదగిందో కాదో తేల్చే దారి ఒకటుంది. ప్రోటీన్‌ను 4తో, కార్బోహైడ్రేట్‌ను 4తో, కొవ్వును 9తో గుణించి కలపండి. పై బిస్కెట్‌కు 28 + 280 + 171 = 479. రాసింది 480, సరిపోయింది. ఐదో పదో తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. పీచు ఎక్కువున్న వాటిలో తేడా ఇంకాస్త ఉంటుంది, ఎందుకంటే పీచుకు గ్రాముకు 2 కిలోక్యాలరీలే లెక్క. సగానికి సగం తేడా వస్తే మాత్రం ఆ ఎంట్రీ వదిలేయండి.

సోడియం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. లేబుల్ మీద మిల్లీగ్రాముల్లో ఉంటుంది, కొన్ని యాప్‌లు ఉప్పును గ్రాముల్లో అడుగుతాయి. సోడియంను 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. బీపీ ఉన్నవాళ్లు ఈ ఒక్క గడి తప్పు పడితే అప్పడాలు, ఊరగాయ, నూడుల్స్ లెక్కంతా తప్పేస్తారు.

శాతాల వరుస సర్వింగుకు మాత్రమే. ఆ శాతాలు కట్టేది రోజుకు 2000 కిలోక్యాలరీలు, 67 గ్రాముల కొవ్వు, 22 గ్రాముల శాచురేటెడ్ ఫ్యాట్, 50 గ్రాముల యాడెడ్ షుగర్, 2000 మిల్లీగ్రాముల సోడియం అనే కొలతల మీద. మన బిస్కెట్‌లో సర్వింగుకు చక్కెర 6 గ్రాములు, అంటే 12 శాతం. ప్యాకెట్టంతా తింటే 18 గ్రాములు, 36 శాతం. ప్యాకెట్టు మీద మీకు కనబడేది 12 మాత్రమే.

లేబుల్‌ను ఫోటో తీస్తే అంకెలు తనే చదివే యాప్‌లు కూడా వచ్చాయి. పని తేలిక చేస్తాయి గానీ గ్రాముకు వాడే ఇంగ్లీషు అక్షరాన్ని 9గా చదివేస్తుంటాయి. '6 గ్రా' ఉన్న చోట 69, చుక్క కనబడక 1.0 ఉన్న చోట 10 వస్తుంది. నలిగిన కవరు మీద ఇది ఎక్కువ. చదివిన ప్రతి అంకెనూ ప్యాకెట్టుతో పోల్చాకే సేవ్ చేయండి. యాప్‌కూ చేతిలో ఉన్న ప్యాకెట్టుకూ తేడా వస్తే ప్యాకెట్టుదే మాట.

తూకం దగ్గర జరిగే పొరపాట్లు

పట్టిక సరిపోయాక మిగిలింది మీరు తిన్న గ్రాములు. ఒక గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా వంటింట్లో ఉండాలి. ఖాళీ గిన్నె పెట్టి 'టేర్' నొక్కితే సున్నాకు వస్తుంది, ఆ తర్వాత వేసిందే తూకం. 'ఒక సర్వింగు' అని రాసుకునే అలవాటు మానేసి గ్రాముల్లో రాయండి.

పది రూపాయల ప్యాకెట్టు తూకం ధర మారకుండానే తగ్గుతూ ఉంటుంది. యాప్‌లో పాత తూకం మిగిలిపోయి ఉండొచ్చు. ఇవాళ్టి ప్యాకెట్టు మీది నెట్ క్వాంటిటీ చూసి దిద్దండి. నాలుగు నూడుల్స్ కలిపిన పెద్ద ప్యాకెట్టుకూ లోపలి విడి ప్యాకెట్టుకూ బార్‌కోడ్‌లు వేరు. బయటిది స్కాన్ చేసి 'ఒక ప్యాకెట్టు' అని రాస్తే నాలుగు తిన్నట్టు పడుతుంది.

దోసె పిండి, గులాబ్ జామూన్ పొడి, రాగి మాల్ట్ లాంటివాటికి పట్టిక పొడికే. అందులో కలిపే పాలు, చక్కెర, వేయించే నూనె విడిగా రాయాలి. జామూన్లు వండి తూకం వేసి పొడి ఎంట్రీలో ఆ గ్రాములు కొడితే అటు పొడి లెక్కా తప్పు, ఇటు నూనె, పాకం లెక్కా పోతుంది.

పాల దగ్గర ప్యాకెట్టు రంగు నమ్మకండి. రంగులు ఒక్కో డెయిరీకి ఒక్కో తీరు. అనంతపురంలో దొరికే కర్ణాటక పాలకూ కర్నూలులో దొరికే పాలకూ అవి కలవకపోవచ్చు. 'టోన్డ్' అంటే కొవ్వు 3 శాతం, 'డబుల్ టోన్డ్' 1.5, 'స్టాండర్డైజ్డ్' 4.5, 'ఫుల్ క్రీమ్' 6. టోన్డ్ పాలు 100 మిల్లీలీటర్లకు 58 కిలోక్యాలరీల దగ్గర, ఫుల్ క్రీమ్ 87 దగ్గర ఉంటాయి. రోజుకు అర లీటరు తాగే మనిషికి ఈ తేడా 145.

నూనె అందరూ మర్చిపోయేది. నూనె లీటరు ప్యాకెట్టు తూగేది 910 గ్రాములు. గ్రాముకు 9 కిలోక్యాలరీలు, సన్‌ఫ్లవరైనా, గానుగలో ఆడించిన చెనిక్కాయ నూనైనా అంతే. 15 మిల్లీలీటర్ల చెంచాకు 120 పైనే. కూరకూ కూరకూ కొలవడం విసుగనిపిస్తే నెలకు ఒకసారి ఇలా చూసుకోండి. నలుగురున్న ఇంట్లో నెలకు 3 లీటర్లు అయిపోతే తలా రోజుకు 25 మిల్లీలీటర్లు, దాదాపు 205 కిలోక్యాలరీలు. మీ యాప్‌లో రోజువారీ నూనె అంతకంటే బాగా తక్కువ చూపిస్తే ఎక్కడో రాయడం తప్పిపోతోంది.

ఉగ్గాని లెక్క

ప్యాకెట్ల సరుకూ విడి సరుకూ కలిసిన వంట ఎలా రాయాలో దీంతో చూపిస్తాం. యాప్‌లో 'రెసిపీ' అనే చోటికి వెళ్లండి. బొరుగులు నానబెట్టకముందే తూచాలి. నీళ్లలో వేసి పిండాక తూస్తే నీటి బరువు కూడా బొరుగులే అయి కూర్చుంటుంది. నలుగురికి 200 గ్రాముల బొరుగులు. ప్యాకెట్టు మీద 100 గ్రాములకు 360 అని ఉంటే 720 కిలోక్యాలరీలు. నూనె 40 గ్రాములు, 360. పప్పుల పొడి 50 గ్రాములు, 185 దాకా. ఎర్రగడ్డలు 100 గ్రాములు, 50 దాకా. పచ్చిమిరప, నిమ్మకాయ, పసుపు వదిలేయొచ్చు. మొత్తం 1315. పైన చెనిక్కాయ విత్తనాలు వేస్తే అవీ తూచి కలపండి.

వండాక గిన్నె బరువు తీసేసి మొత్తం తూకం చూడండి. 700 గ్రాములు వచ్చి, మీరు 200 పెట్టుకుంటే 1315 × 200 ÷ 700, అంటే 376. నాలుగు భాగాలు అని రాస్తే 329 పడేది. పళ్లెంలో పెట్టుకునేది ఎప్పుడూ సరిగ్గా నాలుగో వంతు ఉండదు కాబట్టి తూకమే మేలు. పక్కన బజ్జీకి శనగపిండి ప్యాకెట్టు స్కాన్ చేయొచ్చు. పీల్చుకున్న నూనె తెలియాలంటే మూకుడును నూనెతో సహా వేయించకముందు ఒకసారి, పూర్తిగా చల్లారాక ఒకసారి తూచి తేడా తీయండి.

బార్‌కోడ్ లేనివి, పట్టిక లేనివి

సోనా మసూరి బియ్యం మూటకు గీతలున్నా పట్టిక ఉండకపోవచ్చు. బియ్యం, తృణధాన్యాలు, మసాలాలు, ఉప్పు, చక్కెర, బెల్లం లాంటివాటికి పోషకాల పట్టిక తప్పనిసరి కాదు. చాలా చిన్న ప్యాకెట్లకూ మినహాయింపు ఉంది. వీటికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలే ఆధారం. 528 పదార్థాలకు 100 గ్రాముల లెక్కన అంకెలున్నాయి. యాప్‌లో వెతికేటప్పుడు 'ఐఎఫ్‌సీటీ' (ఆ పట్టికల ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపం) అని గుర్తున్న ఎంట్రీ ఉంటే అదే తీసుకోండి. దాని ప్రకారం పచ్చి బియ్యం 356 కిలోక్యాలరీలు, రాగులు 321, జొన్నలు 334, చెనిక్కాయ విత్తనాలు 520. సంగటికి బియ్యం, రాగిపిండి పొడిగా ఉన్నప్పుడే తూచి, ఉగ్గానికి చేసినట్టే ముద్ద బరువుతో పంచండి.

కర్నూలు వైపు బుడ్డలన్నా, అనంతపురంలో చెనిక్కాయలన్నా, పొట్టుతో తూస్తే అందులో విత్తనాలు ముప్పాతికకు కాస్త తక్కువే. 100 గ్రాముల కాయల్లో 70 గ్రాముల విత్తనాలనుకుంటే 364 కిలోక్యాలరీలు. పొట్టుతో తూచి విత్తనాల ఎంట్రీలో రాస్తే 520 పడుతుంది.

హోటల్లో తిన్న ఎర్రకారం దోసెకు స్కాన్ లేదు. యాప్‌లోని 'మసాలా దోసె' కూడా అది కాదు. ఇంట్లో ఒకసారి పిండి, నూనె, కారం, పప్పుల పొడి తూచి చేసి, దాన్ని సొంత ఎంట్రీగా దాచుకోండి. అంచనాయే అయినా దగ్గరగా ఉంటుంది.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు యాప్ చూపించిన కార్బోహైడ్రేట్ అంకెతోనే మోతాదు మార్చకండి, డాక్టరుకు చూపించి నిర్ణయించుకోండి. 'నో యాడెడ్ షుగర్' అని ఉన్నా కార్బోహైడ్రేట్ వరుస చదవాల్సిందే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కావలసిన పొటాషియం లేబుల్ మీద తప్పనిసరి కాదు. యాప్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకోవద్దు.

దొరకని సరుకును మీరే చేర్చండి

తాడిపత్రిలోనో ప్రొద్దుటూరులోనో తయారయ్యే చిక్కీ, నిప్పట్లు, కారప్పొడుల ప్యాకెట్లు చాలావాటికి బార్‌కోడ్ ఉన్నా డేటాబేస్‌లో ఉండవు. ఒకరు చేరిస్తే ఆ సరుకు తినేవాళ్లందరికీ దొరుకుతుంది. నాలుగు ఫోటోలు చాలు. ముందు వైపు, బార్‌కోడ్, పదార్థాల జాబితా, పోషకాల పట్టిక. పట్టిక ఫోటోలో ప్రతి అంకె చదవగలిగేలా ఉండాలి. పేరులో రుచి కూడా రాయండి, కొందరు చిన్న తయారీదార్లు కారం నిప్పట్లకూ నువ్వుల నిప్పట్లకూ ఒకే నంబరు వేస్తుంటారు. అంకెలన్నీ 100 గ్రాముల వరుస నుంచే ఎక్కించి, పైన చెప్పిన ప్రోటీన్, కార్బోహైడ్రేట్, కొవ్వుల 4–4–9 లెక్క ఒకసారి వేయండి. లేబుల్ మీద లేని గడి ఖాళీగా వదిలేయండి, సున్నా కొట్టకండి. సున్నా అంటే అది అందులో లేదని చదివేవాళ్లు నమ్ముతారు.

తరచూ కొనే సరుకులను యాప్‌లో 'ఫేవరెట్స్'లో పెట్టుకుంటే మళ్లీ మళ్లీ స్కాన్ చేయనక్కర్లేదు. కవరు కొత్త డిజైనుతో వచ్చినా, 'న్యూ రెసిపీ' అని కనబడినా, నెట్ క్వాంటిటీ మారినా ఆ పాత ఎంట్రీని తీసేసి, కొత్త ప్యాకెట్టు పట్టికతో మళ్లీ సరిచూసి పెట్టుకోండి.